కొస్తోజ్జాలో కొండ గాలి

ఇటలీలో విచెంజా వెళ్లేవాళ్లు ఎక్కువగా 16వ శతాబ్దపు వాస్తుశిల్పి పల్లాడియో కట్టిన భవనాల కోసమే వెళ్తారు. నేనూ అవి చూశాను, బాగున్నాయి. కానీ నేను అంత దూరం వెళ్లింది కొస్తోజ్జా కోసం. విచెంజాకు ఆగ్నేయంగా సుమారు 10 కిలోమీటర్లలో, బెరిచి కొండల కింద ఉన్న చిన్న ఊరు అది. నాలుగున్నర శతాబ్దాల కిందటే అక్కడి ఇళ్లకు నేల కింది నుంచి చల్లగాలి తెచ్చుకున్నారని చదివిన దగ్గర్నుంచీ ఆ ఊరి మీదే మనసు.

బస్సు దిగేసరికి జులై ఎండ మాడ్చేస్తోంది. ఊరి వెనకే కొండ, కొండ నిండా గుహలు. కొన్ని వాటంతటవే ఏర్పడ్డవి, కొన్ని పూర్వం రాయి కోసం తవ్వినవి. లోపల ఏడాది పొడవునా 12 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. 16వ శతాబ్దంలో త్రెంతో కుటుంబం వాళ్లు కొండ దిగువన విల్లాలు కట్టుకుని, గుహల నుంచి ఇళ్లదాకా సొరంగాలు వేశారు. పల్లాడియో 1570లో అచ్చువేసిన తన పుస్తకంలో ఈ ఏర్పాటు గురించి మెచ్చుకుంటూ రాశాడు. గాలి గొట్టాల్లో గది గదికీ వెళ్తుందని, ఎంత చల్లదనం కావాలో చూసుకుని తెరుస్తారు, మూస్తారని వివరించాడు.

ఫ్రాన్సెస్కో త్రెంతో కట్టించిన విల్లా ఎయోలియాలో సొరంగాలన్నీ వచ్చి కలిసే నేలమాళిగ ఉంది. 'గాలుల చెరసాల' అని దాని పేరు. పై గదిలో గోడల నిండా, కప్పు నిండా చిత్రాలు. అందరూ తలలెత్తి వాటినే చూస్తున్నారు. నేను మాత్రం నేల మధ్యలో ఉన్న చిల్లుల రాతి పలక దగ్గర మోకాళ్ల మీద కూర్చుని అరచెయ్యి పెట్టాను. సన్నటి చల్లగాలి ఆగకుండా వేళ్ల సందుల్లోంచి పైకొస్తోంది. ఫ్యాను లేదు, మోటారు లేదు. ఒళ్లు పులకరించింది.

ఇల్లు గుహ కన్నా పల్లంలో ఉండడమే ఇందులో కీలకం. వేసవిలో గుహలోని చల్లగాలి బయటి గాలి కంటే బరువు కాబట్టి, సొరంగం వెంట కిందికి జారి ఇంట్లోకి వస్తుంది. చలికాలంలో గుహ గాలే బయటికంటే వెచ్చన. అది తేలికై పైకి పోతుంది కాబట్టి ఇంట్లోకి రాదు.

ఆ పలక అంచు వేలితో తడిమితే చెమ్మ తగిలింది. ఇలాంటి ఏర్పాట్లన్నిటికీ ఇదే పెద్ద పరీక్ష. వేడి గాలి చల్లబడితే అందులోని తేమ గొట్టంలోనే నీరవుతుంది. ఆ నీరు నిలిస్తే బూజు, వాసన. అందుకే ఇప్పుడు చల్లగాలి కోసం ఇళ్లకు నేలలో గొట్టాలు పాతేటప్పుడు నీరు ఒక చోటికి చేరేలా వాలు ఇచ్చి, అక్కడ డ్రెయిన్ పెడతారు. గాలి లోపలికొచ్చే చోట ఫిల్టరు, శుభ్రం చేయడానికి దారి కూడా ఉండాలి. నా మటుకు నేను ఎన్ని మీటర్ల గొట్టం వేశారన్న దానికంటే ముందు ఇవే అడుగుతాను. గెలీలియో పడువాలో ఉన్న రోజుల్లో ఈ ప్రాంతపు విల్లా ఒకదానిలో, గాలి గొట్టం తెరిచి ఉన్న గదిలో నిద్రపోయి జబ్బుపడ్డాడని ఆయన జీవిత చరిత్రల్లో ఉంది.

అన్ని ఊళ్లకూ కొండా గుహా ఉండవు కదా. చదును నేలలో మామూలుగా ఒకటిన్నర నుంచి మూడు మీటర్ల లోతున గొట్టాలు పాతి, చిన్న ఫ్యానుతో గాలిని లాగుతారు. లోతుకు వెళ్లేకొద్దీ మట్టి ఆ ఊరి ఏడాది సగటు వేడికి దగ్గరవుతుంది. అంతకన్నా చల్లదనం దాని దగ్గర అడగలేం. గురుగ్రామ్ దగ్గర ఇంధన పరిశోధన సంస్థ టెరీ కట్టిన 'రిట్రీట్' అనే భవనంలో సొరంగాలు 4 మీటర్ల లోతున, ఒక్కొక్కటీ 70 మీటర్ల పొడవున ఉన్నాయి. అక్కడి మట్టి సుమారు 26 డిగ్రీలు. బయట 42 ఉన్న రోజున అది గొప్ప ఊరట, చలికాలపు తెల్లవారుజామున అదే వెచ్చదనం. వానాకాలపు తేమకు మాత్రం అక్కడ చిల్లర్ల (చల్లబరిచే యంత్రాల) సాయం కావాల్సిందే.