రాజమండ్రిలో హెచ్ ఎక్కడుంది

2004లో రాజమండ్రిలో ఒక కంపెనీ హెడ్డాఫీసులో నెట్‌వర్క్ చూసేవాణ్ణి. చూసే టీములో నేనొక్కణ్ణే. గోదావరికి అటూ ఇటూ కలిపి ఐదు బ్రాంచీలు, ఒక్కో బ్రాంచీకి ఒక లీజ్డ్ లైను (హెడ్డాఫీసుకి ఎప్పుడూ కలిపే ఉండే అద్దె లైను), అది పడిపోతే ఆదుకోడానికి పక్కన ఒక ఐఎస్‌డీఎన్ కనెక్షను. ఈ పేరు వినని వాళ్ల కోసం చెబుతున్నా, ఇది మామూలు టెలిఫోను తీగల మీదే నడిచే డిజిటల్ ఫోను. దాంట్లో ఒక్కోటి 64 కిలోబిట్ల బీ చానళ్లు రెండుంటాయి, డేటా వాటిలో పోతుంది. 16 కిలోబిట్ల డీ చానలు ఇంకోటి ఉంటుంది, అది "ఫలానా నంబరుకి కలుపు, ఇక చాలు పెట్టెయ్" అని ఎక్స్ఛేంజితో మాట్లాడుకోడానికి. రెండు బీలూ కలిపితే 128. నవ్వకండి, ఆ 128తోనే ఒక బ్రాంచి రోజంతా గడిపేసేది.

ఆగస్టులో ముసురు పట్టిన రోజుల్లో ఒక సాయంత్రం అమలాపురం బ్రాంచి మేనేజరు గారి ఫోను. "లైను పోయిందండీ. ఆ రెండో డబ్బా కూడా పలకట్లేదండి, పొద్దున్నే వచ్చేయండి బాబూ."

ల్యాప్‌టాపు, కన్సోల్ కేబులు రెండూ పాలిథిన్ కవర్లో చుట్టుకుని పొద్దున్నే బస్సెక్కాను. వేమగిరి, కడియపులంక, జొన్నాడ, బ్రిడ్జి కింద ఎర్రటి నీళ్లతో గౌతమి, రావులపాలెంలో దిగి ఇంకో బస్సు. దారి పొడుగునా నా మనసులో ఒకటే, తప్పు లైనుదే అని. వానాకాలం, కోనసీమ, పాత కేబులు, ఇంకేం కావాలి.

వెళ్లగానే రూటరులో, అంటే బ్రాంచిని హెడ్డాఫీసుకి కలిపే పెట్టెలో, లైను పరిస్థితి చూపించే షో ఐఎస్‌డీఎన్ స్టేటస్ కమాండు కొట్టాను. నాకు పని నేర్పినాయన ఒకటే చెప్పేవాడు, కాన్ఫిగరేషన్ జోలికి పోకముందు ఇది చూడు, కింది నుంచి పైకి చదువు అని. అన్నిటికంటే అడుగున లేయర్ వన్, అంటే తీగ సంగతి, డీయాక్టివేటెడ్. కొన్ని ఎక్స్ఛేంజీలు కాల్ లేనప్పుడు కావాలనే లైన్ని నిద్రపుచ్చుతాయి కాబట్టి ఆ ఒక్క ముక్క చూసి కంగారు పడక్కర్లేదు గానీ, గోడ మీదున్న ఎన్‌టీ పెట్టె (బయటి ఫోను తీగ వచ్చి కలిసేది) లైటు కూడా మినుకుమినుకు మంటోంది. సాకెట్ మూత విప్పితే లోపల చీమల గుడ్లు, రాగి తీగల చివర్లు ఆకుపచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఈ ఒక్క విషయం చాలామందికి అర్థమయ్యేది కాదు: ఇదే తీగ మీద మామూలు ఫోను పెడితే కాస్త గరగర మంటూనే "హలో" చక్కగా వినిపిస్తుంది, ఐఎస్‌డీఎన్‌కి మాత్రం ఆ గరగర చాలు, మొరాయించడానికి.

లైన్‌మ్యాన్ గారు సైకిల్ మీద తడుచుకుంటూ వచ్చారు. చిలుము పట్టినంత మేర కత్తిరించి, కొత్తగా చెక్కి, మెలేసి, బయట స్తంభం దగ్గర జాయింటు కూడా విప్పి చూసి మళ్లీ కట్టారు. ఎన్‌టీ లైటు నిలకడగా వెలిగింది. స్క్రీన్ మీద లేయర్ వన్ యాక్టివ్. దానిపైన లేయర్ టూలో ఎక్స్ఛేంజి మా పెట్టెకి 64 అని టీఈఐ, అంటే గుర్తు నంబరు, ఇచ్చింది, పక్కనే మల్టిపుల్ ఫ్రేమ్ ఎస్టాబ్లిష్డ్. ఆ మూడు మాటలు కనిపిస్తే ప్రాణం లేచొచ్చేది నాకు.

అవతలి రూటరు పలుకుతుందా అని పింగ్ కొట్టాను. కాల్ కలిసింది, బీ వన్ అప్. రెండు సెకన్లు కాగానే డౌన్. మళ్లీ అప్, మళ్లీ డౌన్.

ఇక నేను లైన్‌మ్యాన్ గారి మీద పడ్డాను, జాయింటు సరిగ్గా వెయ్యలేదేమో, ఎక్కడో లూజుందేమో అని. ఆయన ఓపిగ్గా ఇంకోసారి చూసి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, "లైను బంగారంలా ఉందండి. మీ పెట్టిలోనే ఏదో తిరకాసుందండి, ఆయ్," అనేసి సైకిలెక్కి వెళ్లిపోయారు. నేను నమ్మలేదు. పొద్దున్న నిజంగానే లైను తప్పని తేలింది కదా, ఇదీ దానిదే అని ఫిక్సయిపోయాను.

ముందు డయలర్ మ్యాప్‌లో, అంటే రూటరు ఎవరికి ఫోను చెయ్యాలో రాసిన చోట, నంబరు చూశాను. అప్పట్లో దగ్గరి ఊళ్లకి సున్నాతో కాకుండా 95తో కొడితే రేటు తగ్గేది, అంటే 0883 బదులు 95883. అది సరిగ్గానే ఉంది. అప్పుడు గానీ ఎక్స్ఛేంజితో నడిచే మాటలన్నీ చూపించే డీబగ్ ఐఎస్‌డీఎన్ క్యూ 931 పెట్టలేదు, నిజానికి అరగంట ముందే పెట్టాల్సింది. సెటప్ వెళ్లింది, కాల్ ప్రొసీడింగ్ వచ్చింది, కనెక్ట్ వచ్చింది, ఆ తర్వాత డిస్‌కనెక్ట్, కారణం కోడు 16. ఈ కోడ్లున్నాయి చూశారూ, సగం వైద్యం వీటిలోనే ఉంటుంది. 1 అంటే ఆ నంబరే లేదు, 17 అంటే అవతల బిజీ, 34 అంటే ఖాళీ చానలు లేదు. 16 అంటే ఏ గొడవా లేదు, రెండు చివర్లలో ఎవరో ఒకరు మర్యాదగా ఫోను పెట్టేశారని. తెగిన తీగ చెప్పి వెళ్లదు కదా.

అంటే ఫోను కలిసింది, పలకరింపుల దగ్గర చెడింది. రెండు రూటర్లూ ఒకదాన్నొకటి గుర్తుపట్టే తతంగం చూపించే డీబగ్ పీపీపీ అథెంటికేషన్ పెట్టాను. గుర్తుపట్టడానికి మేం వాడే పద్ధతి పేరు చాప్. దాంట్లో పాస్‌వర్డు లైను మీద అసలు పోదు. అవతలి రూటరు తన పేరు చెప్పి ఒక సవాలు విసురుతుంది, ఇవతలిది ఆ పేరుని తన జాబితాలో వెతికి, పక్కనున్న పాస్‌వర్డుతో లెక్క కట్టి జవాబిస్తుంది. పేరు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. స్క్రీన్ మీదేమో యూజర్‌నేమ్ నాట్ ఫౌండ్, ముందు ఊరి పేరు, రాజమండ్రి. ఉంది కదరా జాబితాలో! మూడుసార్లు చదివాను. నాలుగోసారి కనిపించింది, హెడ్డాఫీసు రూటరు పేరులో ఏకి, ఎంకి మధ్య ఒక హెచ్ ఉంది. నా జాబితాలో లేదు.

మే నెలలో పిడుగుకి అమలాపురం రూటరు కాలిపోతే స్పేర్ రూటరుకి కాన్ఫిగరేషను కాగితం చూసి టైపు చేసింది నేనే. హెడ్డాఫీసు దానికి నా ముందు చేసినాయన తెల్లవాళ్ల స్పెల్లింగులో పేరు పెట్టాడు, నేను నోటితో పలికినట్టు కొట్టాను. బ్యాకప్ ఇంటర్‌ఫేస్ కాబట్టి లీజ్డ్ లైను బతికున్నన్నాళ్లూ ఐఎస్‌డీఎన్ పడుకునే ఉంది, దాన్ని ఒక్కసారీ లేపి చూడని నా తెలివికి మూడు నెలలు పట్టింది బయటపడటానికి. ఒక్క లైను మార్చాను, పింగ్‌లు వరసగా వచ్చేశాయి. మేనేజరు గారు "లైను బాగైందా అండీ" అంటే "ఆఁ, బాగైందండీ" అన్నాను. అంతకంటే చెప్పడానికి నోరు రాలేదు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. లీజ్డ్ లైను బాగవడానికి తొమ్మిది రోజులు పట్టింది, ఆ తొమ్మిది రోజులూ ఐఎస్‌డీఎన్ కాల్ రాత్రిళ్లు కూడా తెగలేదు. రెండు నిమిషాలు పనికొచ్చే ట్రాఫిక్ లేకపోతే కాల్ దానంతటదే తెగాలి, ఐడిల్ టైమౌట్ 120 సెకన్లు. కానీ రూటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ఓఎస్‌పీఎఫ్ పది సెకన్లకోసారి "హలో" అంటూనే ఉంది, ఏ ట్రాఫిక్ పనికొచ్చేదో నేను రాసిన డయలర్ లిస్టులో ఐపీ అయితే చాలు, అన్నీ ముఖ్యమే. ఖాళీ ఆఫీసులో రెండు రూటర్లు తెల్లార్లూ ఒకదాన్నొకటి పలకరించుకున్నాయన్నమాట, ఎస్టీడీ మీటరు తిరుగుతుండగా. బిల్లు వచ్చాక మేనేజరు గారి గొంతు ఇంకోలా ఉంది. అందులో ఒక పేజీ నిండా ఒకే నంబరు, ఒక్కో పల్సు కాల్స్, నేను లైన్‌మ్యాన్ గారితో గొడవపడిన ఆ పూటవి. బ్యాకప్ వైపు ఓఎస్‌పీఎఫ్ తీసేసి, రెండు చివర్లా 200 డిస్టెన్స్‌తో, అంటే అసలు దారి పోతేనే వాడేలా, చేత్తో రాసిన స్టాటిక్ రూట్లు పెట్టాను, రాత్రి గోల ఆగింది.

రూటర్ల పేర్లు కూడా అప్పుడే మార్చేశాను, స్పెల్లింగు తగాదా లేకుండా అన్నిటికీ రైల్వే కోడ్లు. రాజమండ్రి ఆర్‌జేవై, భీమవరం బీవీఆర్‌ఎం. అమలాపురానికి రైలే లేదు కాబట్టి మేమే ఏఎంపీ అని ఒకటి పెట్టుకున్నాం. రైలు ఇప్పటికీ రాలేదు.