రోజుకు బెత్తెడు

చిన్న తెరచాప పడవలో పసిఫిక్ దాటానని చెప్పగానే అందరూ రెండే ప్రశ్నలు అడుగుతారు. తుఫాను వచ్చిందా? సొరచేపలు కనిపించాయా? రెండింటికీ లేదనే చెప్పాలి. దాంతో వాళ్లకి ఆసక్తి పోతుంది. 24 రోజులు, దాదాపు 2,700 నాటికల్ మైళ్లు, 38 అడుగుల పడవ, ముగ్గురం మనుషులం. ఆ 24 రోజుల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది వేలెడు లావున్న ఒక తాడు. దాని సంగతి ఇంతవరకూ ఎవరూ అడగలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

మాది కాకినాడ. సముద్రం పక్కనే పెరిగాను గానీ మోకాళ్ల లోతు దాటి ఎప్పుడూ దిగలేదు. ఉద్యోగానికి శాన్ డియేగో వెళ్లాకే శని, ఆదివారాలు తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాను. అక్కడ పరిచయమైన ఒక రిటైరైన దంపతులు 2019 ఏప్రిల్‌లో మెక్సికో నుంచి దక్షిణ పసిఫిక్‌లోని మార్కేసస్ దీవులకు వెళ్తున్నామనీ, రాత్రి కాపలాకి మూడో మనిషి కావాలనీ చెప్పారు. ఆలోచించుకుని చెప్తానన్నాను. కారు దాకా వెళ్లి, వెనక్కొచ్చి వస్తానన్నాను.

ఏప్రిలే ఎందుకంటే, దక్షిణ పసిఫిక్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ చివరిదాకా తుఫాన్ల కాలం. అలాగని బాగా ఆలస్యం చేస్తే మే మధ్య నుంచి మెక్సికో వైపు తుఫాన్లు మొదలవుతాయి. ఈ రెంటి మధ్య సందులోంచి జారుకోవాలి.

పడవ ఎక్కడం కంటే కాగితాలతోనే నాకు ఎక్కువ కష్టమైంది. మార్కేసస్ దీవులు ఫ్రెంచ్ పాలినీసియాలో భాగం. ఫ్రాన్స్ వాళ్లదే అయినా షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి వీసా) పరిధిలోకి రాదు. మన పాస్‌పోర్టుకి ఇచ్చే వీసా మీద ఫ్రెంచ్ పాలినీసియాకి చెల్లుతుందని విడిగా రాసి ఉండాలి. నాకు మొదటిసారి మామూలు షెంగెన్ వీసా అంటించి పంపారు. కౌంటర్‌లో అమ్మాయి "ఫ్రాన్సేగా, పరవాలేదు" అంది. ఆ మాట నమ్ముకుని పడవెక్కి ఉంటే సముద్రం మధ్యలో ఇరుక్కునేదాన్ని. మళ్లీ అప్లై చేసి, మళ్లీ ఫీజు కట్టి, బయల్దేరడానికి పది రోజుల ముందు సరైనది తెచ్చుకున్నాను. ఇది కాక యూరప్ పౌరులు కానివాళ్లు దిగగానే తిరుగు టికెట్టు చూపించాలి, లేకపోతే డబ్బు డిపాజిట్ కట్టాలి. గాలి మీద వెళ్లేవాళ్లం, ఏ తేదీకి చేరతామో మాకే తెలియదు. అయినా ఫ్రెంచ్ పాలినీసియా రాజధాని పపీటె నుంచి లాస్ ఏంజిలెస్‌కి విమానం టికెట్టు కొనుక్కుని పడవెక్కాను.

ఇంట్లో చెప్పినప్పుడు అమ్మ ఫోన్లో చాలాసేపు మాట్లాడలేదు. నేను తారిణి సంగతి ఎత్తాను. అంతకు ముందు ఏడాదే మన నౌకాదళం అమ్మాయిలు ఆరుగురు ఆ పడవలో 254 రోజుల్లో ప్రపంచం చుట్టి వచ్చారు. అందులో పాతర్లపల్లి స్వాతి విశాఖపట్నం అమ్మాయి, బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాద్ అమ్మాయి. వాళ్లు న్యూజిలాండ్ నుంచి కేప్ హార్న్ చుట్టూ తిరిగి ఫాక్‌లాండ్స్‌కి వెళ్లింది కూడా పసిఫిక్ మీదుగానే. కాకపోతే దక్షిణాన, గడ్డకట్టే చలిలో, కొండల్లాంటి కెరటాల్లో. దాని ముందు మాది పిక్నిక్ అన్నాను. "వాళ్లు నేవీ అమ్మడూ. నువ్వు కంప్యూటర్లు" అంది అమ్మ.

నాన్న ఫోన్ తీసుకున్నారు. ఆయన పోర్టు ఆఫీసులో ముప్పయ్యేళ్లు గుమాస్తాగా చేశారు.

"పడవలో నీళ్లెన్ని?"

"460 లీటర్లు నాన్నా. ట్యాంకుల్లో 380, డబ్బాల్లో 80."

"మనిషికి రోజుకెంత?"

"నాలుగు. తాగడానికీ వంటకీ. గిన్నెలకీ స్నానానికీ సముద్రం నీళ్లే."

"ఎన్ని రోజులు?"

"పాతిక అనుకుంటున్నాం."

"గాలి పడిపోతే? నలభై వేసుకో. ముగ్గురికి 480. ఇరవై తక్కువొచ్చింది చూడు."

ఉప్పునీటిని మంచినీళ్లుగా మార్చే యంత్రం ఖరీదెక్కువని ఆ పడవలో పెట్టించలేదు. నాన్న లెక్క కెప్టెన్‌కి, అంటే ఆ దంపతుల్లో భర్తకి చెప్తే, ఆయన ఒక నిమిషం గోడకేసి చూసి, మర్నాడు ఇంకో ఇరవై లీటర్ల డబ్బా కొనుక్కొచ్చాడు. దాని మీద మార్కర్‌తో 'డాడ్' అని రాశాడు.

సరుకుల పని నాది. మెక్సికోలో మనకి ఇబ్బందే లేదు. చింతపండు దొరుకుతుంది, ఎండుమిర్చి దొరుకుతుంది, నిమ్మకాయలు గుట్టలు గుట్టలు. ఆవాలు, ఇంగువ, ఎండబెట్టిన కరివేపాకు, ఆవకాయ శాన్ డియేగో నుంచే తెచ్చుకున్నాను. అట్టపెట్టెలు పడవలోకి రానివ్వరు, వాటి మడతల్లో బొద్దింక గుడ్లు ఉంటాయి. కోడిగుడ్లు ఫ్రిజ్‌లో పెట్టనివి, కడగనివి వెతికి కొనాలి. రెండు మూడు రోజులకోసారి తిరగేస్తూ ఉంటే నెలదాకా ఆగుతాయి. క్యాబేజీ చివరి రోజుదాకా ఆగింది. అరటిగెల మాత్రం ఏడో రోజున మొత్తం ఒక్కసారే పండిపోయింది. ముగ్గురం మూడు రోజులు అరటిపళ్లే తిన్నాం.

ప్యూర్టో వల్లార్టా దగ్గర లా క్రూజ్ అనే ఊరు నుంచి ఏప్రిల్ 2న లంగరు ఎత్తాం. మొదటి మూడు రోజుల గురించి రాయడానికేం లేదు. బకెట్టు పట్టుకుని కూర్చున్నాను. అల్లం మురబ్బా, ఉప్పు బిస్కెట్టు. నాలుగో రోజు ఆకలేసింది.

కాపలా మూడు గంటలు, విశ్రాంతి ఆరు గంటలు. పడవను నడిపేది మనిషి కాదు, వెనక బిగించిన విండ్‌వేన్. గాలి దిక్కును బట్టి అదే చుక్కాని తిప్పుతుంది, కరెంటు అక్కర్లేదు. మనం చేయాల్సింది చూడటం. చిన్న పడవలో కూర్చుంటే అంచు దాకా కనిపించేది మూడు నాలుగు మైళ్లే. ఆ అంచు మీద తేలిన ఓడ పది పదిహేను నిమిషాల్లో మన మీదికి వచ్చేయగలదు. అందుకని వంటింటి టైమర్‌ని పది నిమిషాలకి పెట్టుకోవడం, మోగగానే లేచి చుట్టూ ఒకసారి చూడటం. రాత్రంతా అంతే. ఓడల్ని చూపించే ఏఐఎస్ తెర ఉంది గానీ దాన్ని నమ్మి పడుకోకూడదన్నది కెప్టెన్ రూలు. పన్నెండు రోజులు ఒక్క ఓడ కూడా కనిపించలేదు. అయినా పది నిమిషాలకోసారి లేచాను.

అయిదో రోజుకి ఈశాన్య వ్యాపార పవనాలు అందాయి. ఎనిమిదో తరగతి భూగోళంలో బట్టీపట్టిన మాట. అవి ఇలా వీపు మీద చెయ్యేసి తోస్తాయని అప్పుడు ఎవరూ చెప్పలేదు. కానీ గాలి సరిగ్గా వెనకనుంచి వస్తే పడవ ముందుకి పోతూ అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. పగలూ రాత్రీ. కప్పు టీ కింద పెట్టలేం. పడుకుంటే దొర్లిపోకుండా మంచానికి గుడ్డ తడిక కట్టుకోవాలి. ఉయ్యాలలా వేలాడే స్టవ్వు మీద ప్రెషర్ కుక్కర్ ఒక్కటే నమ్మదగ్గ గిన్నె, పడినా మూత ఊడదు. అన్నంలోకి ఉప్పు వేయకుండా మూడోవంతు సముద్రం నీళ్లు పోసేదాన్ని, సరిపోయేది. ఒక రోజు గాలానికి మాహీ మాహీ చేప పడితే చింతపండు పులుసు పెట్టాను. మర్నాటికి ఇంకా బాగుంటుందని చెప్పినా వినకుండా ఇద్దరూ ఆ పూటే ఊడ్చేశారు.

ఇక తాడు సంగతి. వెనక గాలిలో ముందు తెరచాప ముడుచుకుపోకుండా పొడవాటి అల్యూమినియం కర్రతో పక్కకి చాచి ఉంచుతారు. దాన్ని లాగి పట్టే తాడును షీట్ అంటారు. ఇంగ్లీషు నావికుల భాషలో షీట్ అంటే గుడ్డ కాదు, తాడు. ఇది అలవాటవడానికే నాకు ఏడాది పట్టింది. ఆ తాడు కర్ర చివరున్న కొక్కెంలోంచి పోతుంది. పడవ ఊగిన ప్రతిసారీ అక్కడ రాసుకుంటుంది. నిమిషానికి పన్నెండుసార్లు ఊగినా రోజుకి 17 వేలు దాటుతుంది. ఎంత గట్టి తాడైనా ఒకే చోట అన్నిసార్లు రాసుకుంటే తెగుతుంది. అందుకని రోజూ పొద్దున్నే దాన్ని కాస్త వదలాలి, రాపిడి కొత్త చోట పడేలా. ఎంత అని అడిగితే కెప్టెన్ నాలుగు వేళ్లు కలిపి చూపించాడు. మన బెత్తెడు. ఆ పని నాకు అప్పజెప్పి, చేశాక లాగ్‌బుక్కులో టిక్కు పెట్టమన్నాడు.

ఎనిమిదో రోజు కాపలా దిగి నిద్రపోయాను. లేచేసరికి పదకొండు. కూర్చున్న చోటినుంచే తాడు కేసి చూశాను, బాగానే ఉందనిపించింది. టిక్కు పెట్టాను. తొమ్మిదో రోజు కూడా అంతే. ఆ రోజు నిద్ర కాదు, బద్ధకం.

ఆ రాత్రి రెండున్నరకి తుపాకీ పేలినట్టు శబ్దం. తర్వాత పడవంతా వణుకు. మీదికి వచ్చేసరికి తెరచాప చీకట్లో కొట్టుకుంటోంది, కర్ర ఒక్కతే గాల్లో ఊగుతూ ఇనప తీగల్ని బాదుతోంది. కెప్టెన్ నడుముకి తాడు తగిలించుకుని ముందుకి పాక్కుంటూ పోయాడు. అరవై ఆరేళ్ల మనిషి. ఆయన భార్య చుక్కాని పట్టుకుంది. నేను ఒక చేత్తో టార్చి వేస్తూ, ఇంకో చేత్తో తెరచాప చుట్టే తాడు లాగుతూ ఉన్నాను. దగ్గర్లో ఉన్న నేల వందల మైళ్ల అవతల. ఆ మనిషి జారితే అనే ఆలోచన అప్పుడు రాలేదు, తర్వాత చాలాసార్లు వచ్చింది. నలభై నిమిషాలకి అన్నీ సర్దుకున్నాయి.

పొద్దున్నే ఆయన తెగిన కొస తెచ్చి బల్ల మీద పెట్టాడు. పైపొర అరిగిపోయి, లోపలి పోగులు విప్పిన జడ చివరిలా ఉన్నాయి. లాగ్‌బుక్కు తీశాడు. రెండు టిక్కులు. నేనే చెప్పేశాను, చేయలేదని. ఆయన కోప్పడితే బాగుండేది. తెగిన మేర కోసేసి, తాడుకి మళ్లీ ముడి వేస్తూ, "ఇకనుంచి టిక్కు వద్దు, ఎంత వదిలావో అంకె రాయి" అన్నాడు. మిగతా రోజులన్నిటికీ అంకె ఉంది. చాలా రోజులు 8 సెంటీమీటర్లు. ఒక రోజు 11, అది భయంతో.

పన్నెండో రోజుకి గాలి చచ్చిపోయింది. రెండు అర్ధగోళాల గాలులూ కలిసే చోటు. బడి పుస్తకంలో దీన్ని ప్రశాంత మండలం అన్నారు. రాసినాయన ఇక్కడికి వచ్చి ఉండడు. ఒక గంట నూనెలాంటి సముద్రం, మరు గంట కుండపోత వాన, చుట్టూ పిడుగులు. వందల మైళ్ల మేర ఎత్తైనది మా తెరచాప స్తంభం ఒక్కటే. ఫోన్లూ, చేతి జీపీఎస్‌లూ తీసి ఓవెన్‌లో పెట్టాం. పిడుగు పడితే ఆ ఇనప పెట్టె వాటిని కాపాడుతుందన్న ఆశ. ఆ టెన్షన్‌లో కూడా ఓవెన్ వెలిగించవద్దని కాగితం అంటించాల్సి వచ్చింది. 34 గంటలు ఇంజిన్ మీద నడిచాం, అంతకంటే డీజిల్ వాడే ధైర్యం లేదు. వాన నీళ్లతో అందరం తలంట్లు పోసుకున్నాం.

భూమధ్యరేఖకి ఇంకా మూడు నాలుగు డిగ్రీలు ఉండగానే ధ్రువ నక్షత్రం అంచు మీది మబ్బుల్లో కలిసిపోయి మళ్లీ కనిపించలేదు. ఎదురుగా త్రిశంకు నక్షత్రమండలం (సదరన్ క్రాస్) రోజురోజుకీ పైకొస్తోంది. పద్దెనిమిదో రోజు తెల్లవారుజామున జీపీఎస్‌లో అక్షాంశం సున్నాలై, 'ఎన్' పోయి 'ఎస్' వచ్చింది. కెప్టెన్ వాళ్ల ఆచారం ప్రకారం సముద్ర దేవుడు నెప్ట్యూన్‌కి రమ్ము పోశాడు. నేను మెక్సికోలో కొన్న కొబ్బరికాయ లంగరు మీద కొట్టి, ఒక చెక్క గంగమ్మ తల్లికి వదిలి, రెండో చెక్క పచ్చడి చేశాను.

అక్కణ్ణుంచి ఆగ్నేయ పవనాలు. గాలి పక్కనుంచి రావడంతో ఊగుడు తగ్గి, పడవ ఒక పక్కకి ఒరిగి ఆరు నాట్లలో, అంటే గంటకి ఆరు నాటికల్ మైళ్ల వేగంతో పరిగెత్తింది. పొద్దున్నే డెక్ మీద పడి ఉన్న ఎగిరే చేపల్ని ఏరడం, తాడు వదలడం, అంకె రాయడం. ఆ ఆరు రోజులు నాకు విడివిడిగా గుర్తు లేవు.

24వ రోజు చీకట్లో ముందు వాసన తగిలింది. తడిమట్టి, పొగ, ఏవో పువ్వులు. తెల్లారాక మార్కేసస్‌లోని హివా ఓవా దీవి కొండలు నిలువుగా లేచి నల్లగా కనిపించాయి. తాహౌకు రేవులో అలలు లోపలికి తోసుకొస్తాయి కాబట్టి ముందూ వెనకా రెండు లంగర్లు వేయాలి. వేశాం. అక్కణ్ణుంచి అతువోనా ఊళ్లోకి నడక. అరగంట పైన పడుతుంది, నాకు గంట పట్టింది. రోడ్డు ఊగుతోంది. దారిలో ట్రక్కులో వెళ్తున్న ఒకావిడ ఆగి మూడు పెద్ద పళ్లు చేతిలో పెట్టి వెళ్లిపోయింది. పాంప్లమూస్ అంది. చూస్తే మన పంపరపనస. తొక్క తీసే ఓపిక లేక రోడ్డు పక్కనే కత్తితో కోసుకుని, మోచేతుల దాకా కారుతుంటే తిన్నాం. చిత్రకారుడు గోగాన్ 1903లో పోయింది ఈ ఊళ్లోనే, సమాధి కొండ మీద ఉంది. కెప్టెన్ భార్య వెళ్లి చూసొచ్చింది. నాకు మెట్లెక్కే కాళ్లు లేవు.

పోలీసు ఠాణాలో ఆఫీసరు పాస్‌పోర్టు తిరగేసి వీసా మీది ఆ ఒక్క లైను చదివాడు. తిరుగు టికెట్టు అడిగాడు. స్టాంపు వేశాడు. మొత్తం ఆరు నిమిషాలు.

మార్కేసస్ గడియారానికీ మన గడియారానికీ సరిగ్గా పదిహేను గంటలు తేడా, నిమిషం అటూ ఇటూ లేదు. నాకు మధ్యాహ్నం రెండు, కాకినాడలో మర్నాడు తెల్లవారుజామున ఐదు. నాన్న లేచే ఉంటారని ఫోన్ చేశాను. అమ్మ వెనకనుంచి ఏడుస్తూ ఏదో అడుగుతోంది.

"నీళ్లు ఎన్ని మిగిలాయి?" అన్నారు నాన్న.

"192 లీటర్లు నాన్నా."

అటువైపు కాసేపు ఏమీ వినపడలేదు. లెక్క చూసుకుంటున్నారు.

"సరిపోయింది. మరి నా డబ్బా?"

"మూత కూడా తీయలేదు."

"తీయకండి. ఇంకా ముందుకి వెళ్తారుగా వాళ్లు" అని ఫోన్ అమ్మకి ఇచ్చారు.