ఎడమ చక్రం దగ్గర టక్

"సార్‌ని పంపించండి మేడమ్, ఆయనతో మాట్లాడతాను" అన్నాడు కార్ల షెడ్డులో మెకానిక్. ఇంట్లో అందరూ పడుకున్నా ఆ ముక్క నా లోపల మెలిపెడుతూనే ఉంది. రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

మా కారు గుంతలో పడింది, దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. నీళ్లు నిండి ఉండి లోతు తెలియలేదు, ఎడమ ముందు చక్రం దబ్బున పడి లేచింది. అప్పట్నుంచీ రెండు తేడాలు. తిన్నగా పోతున్నా స్టీరింగ్ కాస్త కుడికి ఒరిగి ఉంటోంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఎడమ చక్రం ఏ చిన్న ఎత్తుపల్లం మీద పడినా టక్. ఒక్కటే టక్. వేగంలో వినిపించదు. ఇదంతా అతనికి వివరంగా చెప్పాను. అతను కుర్చీలోంచి లేచొచ్చి బానెట్ మూల ఒకసారి నొక్కి వదిలి, "షాకర్లు రెండూ పోయాయి, మార్చాల్సిందే" అన్నాడు. షాకర్లంటే స్ప్రింగు ఊపుని అణిచే షాక్ అబ్జార్బర్లు. బండి ఎత్తలేదు, చక్రం విప్పలేదు, కనీసం వంగి కిందకి చూడలేదు.

నేను పక్కనే నిలబడి చూస్తున్నాను కదా. నొక్కి వదిలితే బండి ఒక్కసారి పైకి లేచి ఆగిపోయింది. షాకర్ చచ్చిపోతే ఇంకో రెండు మూడు ఊపులు ఊగుతుంది. ఊగలేదు కాబట్టి బాగున్నట్టేనని కూడా అనలేం, పూర్తిగా పోయిన షాకర్ తప్ప ఆ పరీక్షకి దొరకదు. అందుకే ఆయిల్ కారిందేమో చూడమన్నాను. సీలు తెగితే గొట్టం మీదుగా ఆయిల్ జారి, దానికి దుమ్ము అంటుకుని నల్లగా, తడిగా కనిపిస్తుంది. చక్రం సందులోంచి టార్చి వేస్తే చాలు. ఆ మాటకి జవాబుగా వచ్చిందే "సార్‌ని పంపించండి".

ఇంటికొచ్చి చెప్తే ఈయన, "వాళ్లు రోజూ చూసేవాళ్లు కదా, మార్పించేద్దాం" అన్నారు. చూడలేదనే కదండీ నా బాధ అన్నాను. ఈయన సంగతి మీకు తెలుసు, అప్పటికే ఫోన్‌లో తల దూర్చేశారు.

చిన్నప్పుడు ఇలాంటి చప్పుడు వస్తే నాన్న ముందు నన్ను స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టేవారు. అప్పటికి నాకు పెడళ్లు కూడా అందవు. ఆయన నేలమీద గోనెపట్టా పరుచుకుని పడుకుని, చక్రం వెనక్కి చేయి పోనిచ్చి, "కొంచెం అటు, కొంచెం ఇటు, ఊపుతూ ఉండు తల్లీ" అనేవారు. స్టీరింగ్ తిప్పుడుని చక్రానికి అందించే కడ్డీ టై రాడ్, దాని చివరి కీలు మీద రెండు వేళ్లు ఆనించి ఉంచేవారు. కీలు వదులైతే ముందు రాడ్డు కదులుతుంది, ఒక పిసరు ఆగి చక్రం కదులుతుంది. ఆ పిసరు ఆయన వేళ్లకి అందేది. "చెవిని నమ్మకు, ఇనుము చప్పుడుని మోసుకెళ్లి ఇంకోచోట పడేస్తుంది" అనేవారు. ఒకరోజు అమ్మని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి నా వేళ్లు అక్కడ పెట్టించారు. పొయ్యి మీద పని వదిలేసి వచ్చానని అమ్మ గొణుగుతూనే ఊపింది. కీలు మీది రబ్బరు తొడుగు చిరిగి గ్రీజులో ఇసుక కలిసిపోయింది, చేతికి గరగరమంది. దాని కింద ఆ కీలు మణికట్టు దగ్గర నాడిలా కొట్టుకుంది. నాన్న నా మొహమే చూస్తున్నారు. "తెలిసిందా?" అన్నారు. తెలిసింది నాన్నా అన్నాను. ఆ సాయంత్రమంతా చేతులు కడుక్కోకుండా తిరిగాను.

ఆ తర్వాత జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టేవారు. జాకీ ఒక్కదాన్ని నమ్మి ఏనాడూ బండి కిందకి దూరలేదు. చక్రాన్ని గడియారంలో 12, 6 ఉండే చోట పట్టుకుని ఊపితే ఆడిందంటే చక్రాన్ని కింద పట్టి ఉంచే బాల్ జాయింటో, బేరింగో. 3, 9 దగ్గర ఆడితే టై రాడ్ వైపు చూడాలి. ఇక గుంత వస్తే ముందే వేగం తగ్గించుకుని, పడేటప్పటికి బ్రేకు వదిలెయ్యమనేవారు. బ్రేకు తొక్కి ఉంచితే ముక్కు కిందకి దిగి స్ప్రింగు ముందే కుదించుకుపోతుంది, ఇక దెబ్బ మింగడానికి దానికి చోటుండదు. 60 వేగంలో బండికి ఉండే శక్తి 30లో ఉన్నదానికి రెట్టింపు కాదు, నాలుగింతలు అని కాగితం మీద లెక్క వేసి చూపించింది కూడా ఆయనే.

షెడ్డు నుంచి వస్తూ ఇంకోచోట ఆగి అలైన్‌మెంట్ (చక్రాల దిశ, వాలు) కొలతలు మాత్రం తీయించాను, సరిచేయొద్దని చెప్పాను. వంగిన రాడ్డుని అలాగే ఉంచి అలైన్‌మెంట్ చేయిస్తే జబ్బు కాగితం మీద కనపడకుండా పోతుంది, బండిలో ఉండిపోతుంది. మా బండికి ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్లు. 1940ల్లో ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజినీరు తెచ్చిన పద్ధతి, షాకరూ స్ప్రింగూ కలిపి ఒకే నిలువు స్తంభం. అది వంగితే చక్రం నిలువు వాలు, అంటే క్యాంబర్, తేడా కొట్టాలి. కాగితంలో క్యాంబర్ రెండు వైపులా ఒకలాగే ఉంది. తప్పింది ఎడమ టో, అంటే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, ఒక్కటే. అంటే అనుమానించాల్సింది టై రాడ్‌ని. స్టీరింగ్ ఒరగడానికీ అది సరిపోతుంది.

టక్ మాట వేరు. స్పీడ్‌బ్రేకర్ మీదికి రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కిస్తే చప్పుడు లేదు, ఒక్క చక్రం ఎక్కిస్తేనే వస్తోంది. రెండు చక్రాలూ కలిసి లేస్తే వాటి మధ్య అడ్డంగా ఉండే స్టెబిలైజర్ బార్ మెలి తిరగదు, ఒకటి లేచి ఒకటి ఉండిపోతేనే దానికి పని. కాబట్టి నా ఓటు ఆ బార్ చివర్ని చక్రం వైపుకి కలిపే చిన్న కడ్డీకి, లింక్ రాడ్‌కి. షాకర్‌తో పోలిస్తే అది చాలా చిన్న పని. అన్నట్టు, షాకర్లు మార్చాల్సి వస్తే జతగానే మార్చాలి, ఆ మాట వరకూ అతను చెప్పింది న్యాయమే.

మొదలుపెట్టినప్పుడు రేపు ఆ షెడ్డుకే వెళ్లి గట్టిగా నాలుగు అడగాలని ఉంది. ఇంతదూరం రాశాక ఆ ఆలోచన పోయింది. అతను చప్పుడుని షాకర్ అన్నాడు, నేను లింక్ రాడ్ అంటున్నాను, ఇద్దరం చప్పుడు చుట్టూనే తిరుగుతున్నాం. లింక్ రాడ్ వదులైతే మలుపులో బండి కాస్త ఎక్కువ వాలుతుంది, అంతవరకే. దెబ్బ తిన్న టైరు చప్పుడు చేయదు. గుంత అంచుకీ రిమ్ముకీ మధ్య టైరు నలిగితే సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) లోపలి దారాలు తెగుతాయి. పైన రబ్బరు మామూలుగానే ఉంటుంది, తెగినచోట గాలి బయటికి తోస్తుంది, ఒక్కోసారి కొన్నాళ్లకి గానీ ఉబ్బదు.

ఇక్కడ ఆపి కిందకి వెళ్లొచ్చాను. బయటివైపు శుభ్రంగా ఉంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, లోపలివైపు అరచేత్తో చుట్టూ తడిమాను. సైడ్‌వాల్ మీద సన్నటి పల్లపు గీతలు ఉండొచ్చు, దారాలు అతికిన చోట అవి మామూలే. నా చేతికి తగిలింది పల్లం కాదు. రిమ్ముకి నాలుగు వేళ్ల దూరంలో, బొటనవేలి కొసంత ఉబ్బు. టార్చి వేస్తే అక్కడి రబ్బరు మిగతాదానికంటే నున్నగా మెరిసింది. నొక్కితే మెత్తగా లోపలికి పోయి మళ్లీ వచ్చింది.

దీనికి ప్యాచ్ ఉండదు, మార్చడమే. ఈయన్ని లేపి చెప్పాను, కళ్లు తెరవకుండానే "రేపు బండి తియ్యను" అన్నారు. పొద్దున స్టెప్నీలో గాలి చూసి ఎక్కిస్తాం. వేరే షెడ్డుకి తీసుకెళ్లి బండి ఎత్తించి, టై రాడ్, బాల్ జాయింట్, లింక్ రాడ్ ఒక్కొక్కటే నా కళ్లముందు ఊపించి చూస్తాను. రిమ్ము లోపలి అంచు వంగిందేమో తిప్పి చూడమనాలి. అలైన్‌మెంట్ అన్నిటికంటే చివర. టైరు ఒక్కటి కొనాలా, జత కొనాలా అన్నది కుడి టైరు ఎంత అరిగిందో చూశాక తేలుతుంది.