చింతగింజలతో పోకర్

"జోకరేదిరా అబ్బాయ్?" పోకర్ నేర్పుతానని కూర్చుంటే మా మామయ్య అడిగిన మొదటి మాట. కావలిలో సంక్రాంతి అంటే ఆయనకు అరుగు మీద రమ్మీ. జోకరు లేని పేకాట ఉప్పు లేని పులుసు.

నేను టెక్సస్‌లోని కార్పస్ క్రిస్టీలో ఒక రిఫైనరీలో పైపుల వెల్డింగు తనిఖీ చేస్తాను. పక్కనున్న రాబ్స్‌టౌన్ టెక్సస్ హోల్డెమ్ అనే పోకర్ ఆటకు పుట్టిల్లని ఆ రాష్ట్ర శాసనసభ 2007లో తీర్మానం కూడా చేసింది. కొత్తలో అక్కడి వాళ్ల యాసలో సగం నా తలకెక్కేది కాదు. పేకకు యాస ఉండదు కదా అని ఒక శనివారం రాత్రి మా ఫోర్‌మన్ గ్యారేజీలో ఆటకు కూర్చున్నాను.

చేతికి రెండు ముక్కలే ఇస్తారు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా మొదట మూడు, తర్వాత ఒకటి, చివర ఇంకొకటి తెరుస్తారు. ఫ్లాప్, టర్న్, రివర్ అంటే అవే. మొత్తం ఏడింటిలో మేలైన ఐదే లెక్క. పంచగానే ఒకసారి, తెరిచిన ప్రతిసారీ ఒకసారి పందెం.

నా చేతిలో ఎనిమిది, తొమ్మిది. బల్ల మీద ఆఠీను పది, జాకీ, రెండు, వాటి పక్కన ఇస్పేటు ఏడు, కళావరు రాజు. ఏడు నుంచి జాకీ దాకా వరస! మన మూడు ముక్కలాటలో వరస ముందు కలర్, అంటే అన్నీ ఒకే గుర్తు ముక్కలు, నిలవదు. ధీమాగా చిప్స్ మీద చెయ్యి వేశాను. ఫోర్‌మన్ నవ్వుతూ నా చెయ్యి పక్కకు జరిపి ఆఠీను ఆసు, నాలుగు చూపించాడు. అక్కడ కలరే పెద్దది.

ఇందులో వాళ్ల తిరకాసేమీ లేదు. మూడు ముక్కల్లో వరసలు 720, కలర్లు 1,096. ఐదింటికి వచ్చేసరికి వరసలు 10,200, కలర్లు 5,108. అరుదైనదే పెద్దది. అయినా కళ్లెదుట మూడు ఆఠీన్లు పరిచి ఉంటే నాకు నా వరసే కనిపించింది!

మామయ్యకు ఇదంతా చెప్పి తలా ఇరవై చింతగింజలు పంచాను. పందెం కట్టకముందు డ్రాప్ అయితే రమ్మీలోలాగా ఇరవై పాయింట్లు పడవని తెలియగానే ఆయన ముఖం వెలిగింది. ఆ తర్వాత వచ్చిన ముక్కలన్నీ వచ్చినట్టే కింద పెట్టేశారు. కానీ వంతు వచ్చినప్పుడు ముక్కలు చూడకముందే కట్టాల్సిన బ్లైండ్లు ఉంటాయి, చిన్నది ఒక గింజ, పెద్దది రెండు. అరగంటకు ఆయన గింజలు సగమయ్యాయి.

"ఇదేమి ఆటరా, ఊరికే కూర్చున్నా అద్దె కట్టమంటోంది!"

నాకు నవ్వాగలేదు. ఎల్లుండి ఒకటో తేదీ. తాళం వేసి వచ్చిన గదికి నేనూ కట్టాలి.