టర్కిష్ డిలైట్‌లో జెలటిన్ ఉంటే ఆ పేజీ తిప్పేయండి

కథల్లోని వంటల పేరుతో వచ్చిన పుస్తకం ఏది చేతికొచ్చినా ముందు టర్కిష్ డిలైట్ అనే టర్కీ మిఠాయి పేజీ తీసి చూడండి. పదార్థాల్లో జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెల్లీ పొడి) కనబడిందంటే, రాసినవాళ్లు అసలు వంట దాకా వెళ్లలేదన్నమాట.

సి.ఎస్. లూయిస్ పిల్లల కోసం రాసిన నార్నియా కథలో మంత్రగత్తె ఎడ్మండ్ అనే కుర్రాడికి ఇచ్చేది ఆకుపచ్చ పట్టు రిబ్బను కట్టిన గుండ్రటి పెట్టెడు టర్కిష్ డిలైట్. ఆ పుస్తకం వచ్చింది 1950లో. బ్రిటన్‌లో మిఠాయిల మీద రేషన్ 1953 దాకా ఎత్తేయలేదు. పెట్టెడు మిఠాయి ఒక్కడికే దొరకడమంటే అప్పటి పిల్లలకి ఎంత ఆశో! అలాంటిదాన్ని గులాబీ వాసనేసే జెల్లీగా దించేయడం అన్యాయం. పైగా జెలటిన్ శాకాహారం కాదు. టర్కీలో లోకుమ్ అని పిలిచే ఈ అసలు మిఠాయి నిలబడేది పిండి మీద. మనకి తెలిసిన వాటిలో బొంబాయి హల్వా దీనికి దగ్గరి చుట్టం, కాకపోతే లోకుమ్‌లో నెయ్యి ఉండదు.

400 గ్రాముల చక్కెర, 180 మి.లీ. నీళ్లు, ఒకటిన్నర టీస్పూన్ల నిమ్మరసం కలిపి పొయ్యి మీద పెట్టండి. చక్కెర కరిగాక గరిట పెట్టకండి, కలిపితే పాకం పలుకు కడుతుంది. థర్మామీటరుంటే 115 డిగ్రీల సెల్సియస్. లేకపోతే చల్లటి నీళ్ల గిన్నెలో చుక్క వేస్తే వేళ్ల మధ్య మెత్తటి ఉండ కావాలి. అంతకన్నా ముదిరితే ముక్కలు గట్టిపడతాయి.

వేరే అడుగు మందం గిన్నెలో 60 గ్రాముల కార్న్‌ఫ్లోర్, అర టీస్పూన్ క్రీమ్ ఆఫ్ టార్టార్ (బేకింగ్‌లో వాడే పుల్లటి పొడి), 330 మి.లీ. చల్లటి నీళ్లు ఉండలు లేకుండా కలిపి, చిక్కటి గంజి అయ్యేదాకా ఉడికించండి. తెల్లటి కార్న్‌ఫ్లోరే వాడాలి. పసుపుపచ్చగా ఉండే మొక్కజొన్న పిండితో ఇది కుదరదు. పులుపు చక్కెరని మళ్లీ గడ్డకట్టనివ్వదు, కానీ ఎక్కువైతే పిండి బిగువు పోతుంది, ముక్క నిలవదు.

పాకాన్ని సన్నటి ధారగా పోస్తూ కలపండి. ఇక సన్నటి సెగ మీద దాదాపు గంట. చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే: ఇరవై నిమిషాలకే చిక్కబడింది కదా అని దించేస్తారు, మర్నాటికి ముక్కల కింద నీరు ఊరుతుంది. తెల్లటి ముద్ద లేత తేనెరంగుకి తిరిగి, గరిట లాగితే గిన్నె అడుగు ఒక్క క్షణం కనబడాలి. అప్పుడు రెండు టీస్పూన్ల పన్నీరు (రోజ్ వాటర్) కలిపి, నూనె రాసిన ఆరంగుళాల పళ్లెంలో పోసి, రాత్రంతా మూత పెట్టకుండా వదిలేయండి.

‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ కథల వంటలతో 2012లో వచ్చిన ‘ఎ ఫీస్ట్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’లో చాలా వంటలకి పాతకాలపు పద్ధతీ, ఇప్పటి పద్ధతీ పక్కపక్కనే ఇచ్చారు. ఇలాంటి పుస్తకాలకి ఆ శ్రద్ధ కావాలి. అమెరికా పుస్తకమైతే కొలతలు ముందే మార్చి రాసుకోండి: కప్పు సుమారు 240 మి.లీ., వెన్న స్టిక్ 113 గ్రాములు, 350 ఫారన్‌హీట్ అంటే దాదాపు 175 సెల్సియస్.

మర్నాడు నూనె రాసిన కత్తితో కోసి, నాలుగు వంతుల ఐసింగ్ షుగర్‌కి ఒక వంతు కార్న్‌ఫ్లోర్ కలిపిన పొడిలో దొర్లించండి. ఉత్త చక్కెర పొడి అయితే, ముఖ్యంగా విశాఖ, కాకినాడ తేమకి, గంటల్లో చెమ్మగిల్లి అంటుకుపోతుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. పొరల మధ్య బటర్ పేపర్ వేసి డబ్బాలో బయటే ఉంచండి.