ఖాళీ గడిలో సున్నా వేశాను

కాలేజీ రోజుల్లో మా ఊరి క్రికెట్ మ్యాచ్‌లకు స్కోరు రాసేది నేనే. నాకు ఆట రాదు కాబట్టి పుస్తకం చేతికిచ్చి చెట్టు కింద కూర్చోబెట్టేవారు. ఆ పుస్తకంలో ఒక సుఖం ఉంది. బ్యాటింగ్ వైపు నుంచి కూడుకొచ్చినా, బౌలింగ్ వైపు నుంచి కూడుకొచ్చినా లెక్క కలవాలి. కలవలేదంటే ఎక్కడో ఒక బంతి రాయడం మర్చిపోయామన్నమాట. ఆ ధైర్యంతోనే టొరంటోలో ఒక పాత బాస్కెట్‌బాల్ మ్యాచ్ లెక్కల్లో వేలు పెట్టాను.

ఉద్యోగం అయ్యాక సాయంత్రాలు డేటా కోర్సుకు వెళ్తున్నాను. అచ్చు కాగితం మీదున్న పాత రికార్డు ఒకటి తీసుకుని ఎక్సెల్‌లోకి ఎక్కించాలి, తర్వాతి కాలం రికార్డు ఒకటి పక్కన పెట్టి పోల్చాలి. ఇదీ మాకిచ్చిన పని. నేను 1946 నవంబర్ 1 ఎంచుకున్నాను. ఆ శుక్రవారం రాత్రి ఇక్కడి మేపుల్ లీఫ్ గార్డెన్స్‌లో టొరంటో హస్కీస్ మీద న్యూయార్క్ నికర్‌బాకర్స్ 68-66తో గెలిచింది. బాస్కెట్‌బాల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా అనే కొత్త లీగ్‌లో అదే మొదటి ఆట. 1949లో ఆ లీగ్ ఇంకో లీగ్‌తో కలిసి ఎన్‌బీఏ అయింది కాబట్టి, ఎన్‌బీఏ తన తొలి మ్యాచ్ అని దీన్నే చెప్పుకుంటుంది.

యాంగ్ స్ట్రీట్‌లోని రెఫరెన్స్ లైబ్రరీలో మైక్రోఫిల్మ్ ముందు ఒక శనివారమంతా గడిచిపోయింది. చక్రం తిప్పుతుంటే పాత పేపర్ పేజీలు తెర మీద పరుగెడతాయి. కాసేపటికి కళ్లు తిరుగుతాయి. లెక్కల కోసం వెళ్లినవాణ్ణి కథల్లో పడిపోయాను. హస్కీస్ ఆటగాడు జార్జ్ నోస్ట్రాండ్ ఎత్తు 6 అడుగుల 8 అంగుళాలు. అతని కంటే పొడుగున్నవాళ్లకు టికెట్ అక్కర్లేదని ప్రచారం చేశారట. హాకీ తప్ప మరో ఆట పట్టని ఊళ్లో జనాన్ని రప్పించడానికి పాపం ఎన్ని పాట్లు! మొత్తానికి 7,090 మంది వచ్చారు.

అప్పట్లో పేపర్లో బాక్స్ స్కోరు, అంటే ఎవరెన్ని కొట్టారో చెప్పే పట్టిక, అరచేతిలో పట్టేంత ఉండేది. పేరు, ఫీల్డ్ గోల్స్ (ఆట నడుస్తుండగా వేసిన బుట్టలు), ఫ్రీ త్రోలు (ఫౌల్ అయితే దొరికే ఒక్కో పాయింటు షాట్లు), పాయింట్లు, అంతే. ఎన్‌బీఏలో మూడు పాయింట్ల షాట్ 1979లో గానీ రాలేదు. కాబట్టి సూత్రం తేలిక: ఫీల్డ్ గోల్స్‌ను రెండుతో గుణించి, పడ్డ ఫ్రీ త్రోలు కలపడమే. ఎక్కించడం పూర్తయ్యాక కూడితే న్యూయార్క్‌కు 67 వచ్చింది. ఒక్క పాయింట్ తేడా! పేపర్‌వాళ్ల తప్పే పట్టేశానని లోపల చిన్న గర్వం. అరగంట వెతికాక తెలిసింది, ఒక ఆటగాడి ఫీల్డ్ గోల్స్, ఫ్రీ త్రోలు నేనే తారుమారు చేశాను. 5, 4 ఉన్నచోట 4, 5 వేస్తే 14 కాస్తా 13 అవుతుంది కదా, అలాంటిదే. చెట్టు కింద నేర్చుకున్న విద్య అక్కడ పనికొచ్చింది.

అసలు తప్పు వేరే ఉంది, అది ఏ కూడికకూ దొరకదు. పోలికకు నేను తీసుకున్నది 1962 మార్చి 2న విల్ట్ చాంబర్లేన్ వంద పాయింట్లు కొట్టిన మ్యాచ్. అందులో అన్నీ ఉన్నాయి. 63 షాట్లకు 36, ఫ్రీ త్రోలు 32కి 28, రీబౌండ్లు (షాట్ తప్పి వెనక్కొచ్చిన బంతిని పట్టుకోవడం) 25. అదే టేబుల్‌లో 1946 వాళ్ల రీబౌండ్ల గడులు ఖాళీగా కనిపిస్తే నాకు చూడబుద్ధి కాలేదు. వరసగా సున్నాలు వేసేసి, చార్ట్ గీసి, విజయవాడలో కాలేజీ టీమ్‌కు ఆడే మా తమ్ముడికి పంపాను.

వెంటనే ఫోన్ చేశాడు. "అన్నయ్యా, సడౌస్కీ సెంటర్ ఆడాడన్నావు కదా? సెంటర్‌కి ఒక్క రీబౌండూ లేదా? బంతిని చూసి పారిపోయాడా ఏంటి?"

ఎడ్ సడౌస్కీ 6 అడుగుల 5 అంగుళాల మనిషి, హస్కీస్‌కు ఆటగాడూ ఆయనే, కోచ్ కూడా ఆయనే. ఆ రాత్రి అందరికంటే ఎక్కువగా 18 పాయింట్లు కొట్టాడు. న్యూయార్క్‌లో ఎక్కువ కొట్టిన లియో గాట్లీబ్‌వి 14. సెంటర్ అంటే బుట్ట దగ్గరే ఉండి బంతులు అందుకునేవాడు. అలాంటివాణ్ణి రీబౌండ్ రానివాణ్ణి చేసి కూర్చోబెట్టాను. రీబౌండ్లు రాలేదని కాదు, ఎవరూ లెక్కపెట్టలేదు. లీగ్ ఆ లెక్క పెట్టడం 1950-51 సీజన్‌తో మొదలైంది. ఎన్ని నిమిషాలు ఆడారన్నది ఆ తర్వాతి ఏడు, స్టీల్స్ (ఎదుటివాళ్ల బంతి లాక్కోవడం), బ్లాక్స్ (షాట్‌ను అడ్డుకోవడం) అయితే 1973-74లో.

నిమిషాలు లేకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉంది. సగం ఆటకు 37-29తో న్యూయార్క్ ముందుంది. రెండో సగం మొదలైన కాసేపటికే సడౌస్కీ ఒక ఆటగాడికి ఉండే ఫౌల్స్ పరిమితి నిండిపోయి బయటికెళ్లాడు. అంటే ఆ 18 పాయింట్లూ దాదాపు సగం ఆటలోనే! పేపర్లో మాత్రం అది చివరిదాకా ఆడినవాడి 18 లాగే కనిపిస్తుంది. లీగ్ చరిత్రలో తొలి బుట్ట వేసిన ఓసీ షెక్ట్‌మన్‌దీ అదే సంగతి. ఆయన ఎన్ని వేశాడో రాశారు గానీ, ముందు వేసింది ఆయనేనని ఆ వరస చెప్పదు. ఆయనకే ఆ సంగతి కొన్ని దశాబ్దాల తర్వాత తెలిసింది.

సున్నాలన్నీ తీసేసి "నమోదు కాలేదు" అని వేశాను. చార్ట్‌లో సగం బార్లు మాయమైపోయాయి. సబ్మిట్ చేసేటప్పుడు మార్కులు తగ్గుతాయేమోనని టెన్షన్ పడ్డాను గానీ, తగ్గలేదు. "ఈ ఖాళీలు ఎందుకో ఇంకో పేజీ రాయి" అన్నారు మా కోర్సు టీచర్, అంతే. దానికి ఇంకో వారం పట్టింది.

ఆ మేపుల్ లీఫ్ గార్డెన్స్ కట్టడం ఇంకా ఉంది. కింది అంతస్తు ఇప్పుడు లోబ్లాస్ సూపర్‌మార్కెట్, పైన యూనివర్సిటీ వాళ్ల క్రీడా ప్రాంగణం. షాపులో సరుకుల వరసల మధ్య నేల మీద ఒక ఎర్ర చుక్క ఉంటుంది, అప్పటి హాకీ రింక్ నడిమధ్య అదేనని గుర్తు. పని అయిపోయిన రోజు సరుకులకని వెళ్లి, ఆ చుక్క ఫోటో తీసి తమ్ముడికి పెట్టాను.

"మరి షెక్ట్‌మన్ వేసింది ఎటువైపు బుట్టలో?" అని మెసేజ్.

అటూ ఇటూ చూశాను. ఎటు చూసినా డబ్బాలే. కొత్తిమీర కట్ట, పాల డబ్బా తీసుకుని బిల్లింగ్ లైన్లో నిలబడ్డాను.