సారా అంగడి ముందు మన మేడమ్

మన క్లాసు కలయిక సంచికకు రాయమని కమిటీవాళ్లు అడిగారు. కర్నూలు డిగ్రీ చదువు గురించి రాద్దామని కూర్చుంటే, మనసు 1992 దాటి కదలడం లేదు.

దూబగుంట కబురు పేపర్లో వచ్చిన రోజు ఎకనామిక్స్ మేడమ్ డిమాండ్ కర్వును సగంలో వదిలేశారు. నెల్లూరు జిల్లాలో రాత్రి బడికి పోయి అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు సారా మీద ఎట్లా తిరగబడ్డారో గంటసేపు చెప్పారు. ఆదివారం పల్లెకు వచ్చేవాళ్లు పేర్లివ్వమన్నారు. సగం క్లాసు ఇచ్చింది. బస్టాండుకు వచ్చింది మాత్రం డప్పు పిల్ల, నోట్సుల రాణి, వెనక బెంచీ అక్కాచెల్లెళ్లు, నేను. మిగతావాళ్లను ఇళ్లలో పంపలేదు.

నందికొట్కూరు రోడ్డులోని ఆ ఊళ్లో అంగడి ముందు ఆడవాళ్లు బైఠాయించి ఉన్నారు. మేడమ్ నన్నే మాట్లాడమన్నారు. అటెండెన్స్ పలకడానికే గొంతు పెగలని పిల్లను. ఒక అవ్వ నా చెయ్యి పట్టుకుని, "చెప్పు తల్లీ, మేమంతా ఉండాం గదా" అంది. ఏం మాట్లాడానో గుర్తులేదు. అంగడివాడు లోపలికి పోయి తలుపేసుకోవడం గుర్తుంది. మేడమ్ పొగడలేదు. తిరుగు బస్సులో, "వచ్చే వారం నువ్వే మొదలుపెట్టు" అన్నారు.

1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. మామూలు ఆడవాళ్లు కూర్చుంటే ప్రభుత్వం దిగొస్తుందని కళ్లారా చూసినదాన్ని, ఆ తర్వాత ఏ ఆఫీసరు ముందూ తల వంచుకుని నిలబడలేదు. అయితే ఆ తర్వాత వచ్చిన పూర్తి మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేసినప్పుడు చాలా రోజులు అన్నం సహించలేదు. ఆ బాధ కూడా ఉద్యమం ఇచ్చిందే. మనలో కొందరికి అత్తింట్లో 'ఎదురు మాట్లాడే కోడలు' అన్న పేరూ వచ్చింది.

ఇప్పుడు నేను సైకాలజీ చెప్తున్నాను. భయమేస్తోందని వచ్చే పిల్లలను నలుగురితో కలిపి ఒక పని మీద పంపుతాను. మారి వస్తారు. 1964లో నల్లజాతివాళ్ల ఓటుహక్కు కోసం అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రానికి వెళ్లిన విద్యార్థులను, ఎంపికై కూడా వెళ్లనివాళ్లతో సామాజిక శాస్త్రవేత్త డగ్ మెక్‌ఆడమ్ రెండు దశాబ్దాల తర్వాత పోల్చి చూశారు. వెళ్లొచ్చినవాళ్లు అప్పటికీ ఉద్యమాల్లో ఎక్కువగా ఉన్నారు, సంపాదన మాత్రం తక్కువ. ఆ పాఠం చెప్పేటప్పుడు నాకు మన క్లాసే గుర్తొస్తుంది.

అందుకే, ఆ ఆదివారం ఇంట్లో పంపనివాళ్లు ఈ కలయికకు తప్పకుండా రండి. మా సంగతులు మీరు చాలాసార్లు విన్నారు. ఆ రోజు ఇంట్లో మీకు ఎట్లా గడిచిందో, తర్వాత మీ గొంతు మీకెక్కడ దొరికిందో నాకు వినాలనుంది.